ఓబర్‌లిండాకి బొగ్గు

ఆ సెప్టెంబరులో మా ఇంట్లో ధనియాలు క్యాబేజీలయ్యాయి.

మా ఆయన రంగనాథ్ లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఆయన చేసే బొమ్మ గూడ్సు వ్యాగన్లు అసలు వ్యాగన్లలో ఎనభై ఏడో వంతు ఉంటాయి. నాలుగు మిల్లీమీటర్ల ధనియపు గింజని ఎనభై ఏడుతో హెచ్చిస్తే ముప్ఫై అయిదు సెంటీమీటర్లు. "జర పెద్ద క్యాబేజీయే. గానీ ఈ కొండలల్ల గట్లనే కాస్తయి," అంటూ ఒక్కొక్క గింజకీ లేతాకుపచ్చ రంగు వేసి, ఆరబెట్టి, పట్టకారుతో తీసి వ్యాగన్లో పేర్చేవారు. ఆవాలు బంగాళాదుంపలు. బాల్కనీలో ఎండిపోయిన గులాబీ కొమ్మలు సామిల్లుకి పోయే దుంగలు. బొగ్గు మాత్రం అసలు బొగ్గే. దాన్ని పాత తువాల్లో చుట్టి సుత్తితో కొట్టి, నా టీ వడకట్టుతో జల్లించి పోసేవారు. ఆయన ఆఫీసు ఉద్యోగం కోసం మేము జర్మనీ వచ్చి కెమ్నిట్జ్‌లో కాపురం పెట్టి ఇరవై ఆరేళ్ళు. కొత్త టీ వడకట్టు తెచ్చుకున్న ప్రతిసారీ నెల తిరక్కుండానే అది రైల్వే పాలయ్యేది.

ఆ నెల్లో ఒక ఆదివారం ఆయన వంటింట్లోకి వచ్చారు.

"లతా, ధనియాలు ఉన్నయా?"

"పొద్దున ఇచ్చాను కదండీ."

"ఎప్పుడిచ్చినవ్?"

నేను చెయ్యి తుడుచుకుని ఆయన గదిలోకి నడిచాను. ఆయన నా వెనకే వచ్చారు. బల్ల మీద మూడు గిన్నెలున్నాయి. మూడింట్లోనూ ధనియాలే. ఒక్క గిన్నెలోవాటికి మాత్రం రంగు పడింది. ఆయన గిన్నెలవైపు చూశారు, నావైపు చూశారు.

"అవి ఉన్నయి గదా. ఇంక కొన్ని గావాలని అడిగిన," అన్నారు.

నేను ఇంకో గిన్నెడు తెచ్చి ఇచ్చాను.

వ్యాగన్ చేయడం ఒక ఎత్తు, దాన్ని నడపడం ఒక ఎత్తు. ఆయన బొమ్మ రైళ్ళ క్లబ్బువాళ్ళు ఏడాదికి రెండుసార్లు, ఎర్జ్‌గెబిర్గె కొండల్లోని ఒక చిన్న ఊళ్ళో, బడి జిమ్ హాల్లో కలుస్తారు. ఒక్కొక్కరూ ఇంట్లో కట్టుకున్న పట్టాల ముక్కనో స్టేషన్నో తెస్తారు. అన్నీ కలిపితే నలభై, యాభై మీటర్ల రైలుమార్గం అవుతుంది. అక్కడ బండ్లు ఊరికే గిరగిరా తిరగవు. ప్రతి వ్యాగన్‌కీ ఒక కార్డుంటుంది. ఏ సరుకు, ఎక్కణ్ణుంచి, ఏ స్టేషన్లో ఎవరికి చేరాలి అని అందులో రాసి ఉంటుంది. స్టేషన్ మాస్టరు బండి రాగానే కార్డులు చూసి, ఏ వ్యాగన్ ఏ పట్టా మీదకి పోవాలో తేల్చి, రిజిస్టర్లో రాసి, ఖాళీ అయినవాటిని వెనక్కి పంపాలి. కాజీపేట రైల్వే క్వార్టర్లలో గూడ్సు గార్డు కొడుకుగా పెరిగిన మనిషికి ఇది ఆటలా ఎప్పుడూ అనిపించలేదు.

ఆయన స్టేషన్ పేరు ఓబర్‌లిండా. అలాంటి ఊరు ఈ లోకంలో లేదు. దాన్ని ఆయనే కట్టారు. అక్కడ ఒక డెయిరీ, సామిల్లు, బీరు ఫ్యాక్టరీ, ధాన్యం గోడౌను, బొగ్గు డిపో ఉన్నాయి. అయిదింటికీ అయిదు పట్టాలు. ఇరవై ఏళ్ళలో ఒక్క వ్యాగన్ కూడా తప్పు చోటికి పోలేదని క్లబ్బంతా చెప్పుకునేవాళ్ళు.

ఆ జూన్‌లో మాత్రం పందుల వ్యాగన్‌ని బీరు ఫ్యాక్టరీకి పంపారు. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వారు. గంట తర్వాత మళ్ళీ అదే పని చేశారు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

మా అమ్మాయి సరయు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోన్ చేసింది. నేను స్పీకర్‌లో పెట్టి పప్పు గిన్నె పక్కన ఉంచాను.

"డాడీ, డాక్టర్ టెర్మిన్ అక్టోబర్ ట్వెంటీ ఫస్ట్. మంగళవారం, పదిన్నరకి. దాని కోసం జూన్ నుంచి వెయిట్ చేస్తున్నాం. కాన్సిల్ చేస్తే మళ్ళీ స్ప్రింగ్‌లోనే దొరికేది. ప్లీజ్."

"నాకేమైందని?"

"లాస్ట్ వీక్ ఒకే రోజు రెండుసార్లు ఫోన్ చేసి ప్రమోషన్ వచ్చిందా అని అడిగావ్."

"బిడ్డ ప్రమోషన్ గురించి తండ్రి రెండుసార్లు అడిగితే మతిమరుపు డాక్టర్ దగ్గరికి పోవాల్నా?"

"నో, డాడీ, అలా కాదు..."

"జూన్‌ల ఏదో పరధ్యానంగ ఉంటి. గంతే." ఆయన అన్నం కలపడం ఆపి నావైపు తిరిగారు. "సరే, ఒక మాట. అక్టోబర్ల మీటింగ్ రెండు దినాలు ఓబర్‌లిండాను నేనొక్కన్నే నడుపుత. ఒక్క వ్యాగన్ తప్పు పోయిందనుకో, నేనే నా కాళ్ళతోని డాక్టర్ దగ్గరికి పోత. ఒక్కటి గూడ తప్పు పోలేదనుకో, టెర్మిన్ కాన్సిల్. మళ్ళ ఈ ముచ్చట మన ఇంట్ల రావద్దు."

"డాడీ, దట్స్ నాట్ ఎ టెస్ట్!"

"గదే అసలు టెస్టు. ఏమంటవ్, లతా?"

నేను సరేనన్నాను. ఫోన్లో సరయు "మామా!" అని అరిచింది. దానికి కోపం వచ్చినప్పుడు నేను అమ్మని కాను, జర్మన్ పిల్లలు పిలిచే మామాని.

మీటింగుకి రెండు వారాల ముందు నేను ఉలిగ్ తోటకి వెళ్ళాను. డెబ్భై నాలుగేళ్ళ లోథార్ ఉలిగ్ ఆ క్లబ్బుకి పెద్ద. ఉద్యోగమున్నన్నాళ్ళూ అసలు రైల్వేలో బండ్ల రాకపోకలు చూసిన మనిషి. ఇప్పుడు క్లబ్బులో ఏ రోజు ఏ బండి ఏ సరుకు తేవాలో రాసేది ఆయనే. నేను వెళ్ళేసరికి నిచ్చెన ఎక్కి ఆపిల్ కాయలు కోస్తున్నాడు. దిగి రాకుండానే, "రంగా ఎలా ఉన్నాడు?" అన్నాడు. ఆ అడగడంలోనే ఆయనకి సంగతి తెలుసని నాకు అర్థమైంది.

"మీకెప్పటినుంచి తెలుసు?"

ఆయన దిగి వచ్చి, బుట్ట కింద పెట్టి, టోపీ తీశాడు.

"పోయినేడు శరత్కాలం నుంచి. రంగా కాఫీకి వెళ్ళినప్పుడు మాలో ఎవరో ఒకరు వెళ్ళి వ్యాగన్లు సర్దేవాళ్ళం. జూన్‌లో సర్దేలోపే బండి కదిలింది. మీకు చెప్పాల్సింది, మిసెస్ చేపూరి. ఎవరు చెప్పాలో తేల్చుకోలేకపోయాం."

నేను ఆయనకి పందెం సంగతి చెప్పాను. ఆపిల్ చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను ఏమి అడగడానికి వచ్చానో కూడా చెప్పాను.

"ఈసారి ఓబర్‌లిండాకి పని తేలిక చెయ్యండి."

"ఎంత తేలిక?"

"తప్పు చేసే వీలు లేనంత."

"అలాంటి స్టేషన్ ఉండదండీ. ముప్ఫై ఒక్క ఏళ్ళు బండ్లు నడిపించాను. తప్పు చేసే వీలు లేని స్టేషన్ అంటే బండి ఆగని స్టేషనే." చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు. "అన్నీ ఒకే చోటికి పోయే సరుకైతే... బొగ్గు అనుకోండి. వచ్చిందంతా బొగ్గు డిపోకే పోతుంది. అంతకన్నా తేలిక లేదు."

"బొగ్గే పంపండి."

"కానీ మొదటి బండికే కనిపెడతాడు. మూడేళ్ళ కిందట ఒక్క పాల వ్యాగన్ రాయడం మరిచిపోయానని హాలు అవతలి నుంచి కేకేశాడు. 'లోథార్, మా ఊళ్ళో పసిపిల్లలు ఏం తాగాలి, బీరా?' అని." ఉలిగ్ నవ్వబోయి మానేశాడు. "ఈసారి నన్ను చంపేస్తాడు."

"కనిపెడితే తిట్లు నేను తింటాను," అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ మాట అంటున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. గెలిస్తే మా ఆయనకి సంతోషం. కనిపెడితే నాకు సంతోషం. ఏమీ జరగకపోయే మూడో దారి ఒకటుంటుందని అప్పుడు నాకు తట్టలేదు. డాక్టరు ఏం చెబుతారోనని ఆయన కన్నా నేనే ఎక్కువ భయపడుతున్నానని కూడా అప్పుడు ఒప్పుకోలేదు.

ఉలిగ్ నాకు సంచీడు ఆపిల్ కాయలిచ్చాడు. ఇంటికొచ్చాక ఇవెక్కడివని మా ఆయన అడిగితే మార్కెట్లో కొన్నానని చెప్పాను.

శనివారం పొద్దున తొమ్మిదికి జిమ్ హాల్లో బండ్లు మొదలయ్యాయి. గోడకి పెద్ద అట్ట కట్టి ఉంది: ఆగస్టు 1965. వాళ్ళు ఎప్పుడూ ఒక కాలం అనుకుని దాని ప్రకారమే సరుకులు నడుపుతారు. ఒక్కొక్క బండి పక్కన దాని డ్రైవరు చేత్తో చిన్న మీట పట్టుకుని నడుస్తూ ఉంటాడు. అరవై దాటిన మగవాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, అంతా మేజోళ్ళ కాళ్ళతో, పెళ్ళిలో పల్లకీ పక్కన నడిచినంత నెమ్మదిగా నడుస్తారు.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. రిజిస్టరు, రెండు పెన్నులు, కళ్ళజోడు అన్నీ బల్ల మీద వరసగా పెట్టుకున్నారు. నేను కాఫీ బల్ల దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి ఓబర్‌లిండా బాగా కనిపిస్తుంది.

మొదటి బండి తొమ్మిది పన్నెండుకి వచ్చింది. తొమ్మిది వ్యాగన్లు. ఆయన కార్డులు ఒక్కొక్కటే తీసి చదివారు. చదివి, రిజిస్టర్లో రాశారు. ఇప్పుడు తల ఎత్తుతారు, అనుకున్నాను. ఎత్తారు. "మొత్తం అయిదో లైనుకే!" అని డ్రైవరుకి చెప్పారు. తొమ్మిది వ్యాగన్లూ బొగ్గు డిపో ముందుకి వెళ్ళి ఆగాయి. ఆయన చేతులు దులుపుకుని గోడ గడియారం చూశారు.

రెండో బండి పదీ నలభైకి. ఆరు వ్యాగన్లు. మళ్ళీ కార్డులు, మళ్ళీ రిజిస్టరు. సామిల్లు ముందు పట్టా ఖాళీగా ఉంది. డెయిరీ ముందూ ఖాళీయే. ఆ డెయిరీ మెట్ల మీద అగ్గిపుల్ల తలకాయంత పాలక్యాన్లు పన్నెండు ఆయన ఏడేళ్ళ కిందట ఒక చలికాలమంతా కూర్చుని చేశారు. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మూడో బండి వెళ్ళాక ఉలిగ్ నా పక్కకి వచ్చి కప్పు అందుకున్నాడు.

"ఏమైనా అన్నాడా?"

"ఇంకా లేదు."

"సాయంత్రంలోపు కనిపెడతాడు," అన్నాడు. సాయంత్రం నాలుగున్నరకి బండ్లు ఆపినప్పుడు ఉలిగ్ నావైపు చూడకుండా వెళ్ళి దీపాలు ఆర్పాడు.

ఆ సాయంత్రం కారులో మా ఆయన హుషారుగా ఉన్నారు. జూలై నుంచి కారు నేనే నడుపుతున్నాను. ఆయన పక్క సీట్లో కూర్చుని ఏదో పాత పాట ఈలవేస్తూ తొడ మీద తాళం వేశారు. "చూసినవా? ఒక్క తప్పు లేదు," అన్నారు. చాలా నెలల తర్వాత ఆ గొంతు విన్నాను. ఆ గొంతు కోసమే ఇదంతా చేశానని నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం పదకొండింటికి హైమావతి గారు వచ్చారు. మా పై అంతస్తులో ఉంటారు. పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎప్పటినుంచో ఈ బొమ్మ రైళ్ళు చూడాలని ఉందంటే నేనే రమ్మన్నాను. పెద్ద డబ్బా నిండా పులిహోర చేసుకుని బస్సెక్కి వచ్చారు. క్లబ్బువాళ్ళు కాగితం ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒకావిడ మిరపకాయ కొరికి ఎర్రబడి నీళ్ళకి పరుగెత్తింది. హైమావతి గారు నవ్వుతూ, కొంగు సర్దుకుని, ఓబర్‌లిండా ముందుకి వచ్చి వంగి చూశారు.

"ఎంత ముచ్చటగా ఉందయ్యా రంగనాథ్! ఆ పాలక్యాన్లు చూడు, ఎంతెంత ఉన్నాయో. ఇదంతా నువ్వే చేశావా?"

"మరి? ఇరవై ఏళ్ళ కష్టం, అమ్మా."

"ఇదేంటీ, బీరు ఫ్యాక్టరీయా? మంచి ఊరే కట్టావు." అప్పుడే ఒక బండి వచ్చి ఆగింది. ఏడు వ్యాగన్లు, నల్లగా. ఆవిడ వాటినీ, బొగ్గు డిపో ముందు అప్పటికే నిలిచి ఉన్న ఎనిమిదింటినీ చూశారు. "అదేంటయ్యా, మీ ఊరికి బొగ్గు తప్ప ఇంకేం రాదా? ఇంత పెద్ద డెయిరీ, అంత గోడౌను పెట్టుకుని?"

ఉలిగ్‌కి తెలుగు రాదు. అయినా ఆవిడ చెయ్యి డెయిరీ వైపు, గోడౌను వైపు తిరగడం చూశాడు. తను నడిపిస్తున్న బండి వదిలేసి అక్కడే నిలబడిపోయాడు.

మా ఆయన డెయిరీ వైపు చూశారు. గోడౌను వైపు చూశారు. ఒక్క క్షణం ఆయన నుదురు ముడిపడింది. ఇక కేక పెడతారని నేను ఎదురుచూశాను.

"చలికాలం గదమ్మా," అన్నారు నవ్వుతూ. "జనానికి పొయ్యిలల్లకు కావాలె."

ఆయన తల వెనక, గోడ మీద, ఆగస్టు అని జానెడు అక్షరాల్లో రాసి ఉంది.

హైమావతి గారు ఆ అట్ట చూశారు. తర్వాత ఆయన మొహం చూశారు. డాక్టరు కదా, ఇంకేమీ అడగలేదు. "అవునవును, చలికి బొగ్గు లేకపోతే ఎలా," అని, నా దగ్గరికి వచ్చి, వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు. ఉలిగ్ వెనక్కి తిరిగి తన బండి దగ్గరికి నడిచాడు. మా ఆయన మాత్రం కళ్ళజోడు సవరించుకుని కార్డులు తీసి, రిజిస్టర్లో రాయడం మొదలుపెట్టారు.

రెండు గంటలకి బండ్లు ఆపారు. చివర్లో ఏ స్టేషన్లో ఎన్ని వ్యాగన్లు దారి తప్పాయో చదవడం ఆ క్లబ్బులో ఆనవాయితీ. ఉలిగ్ కాగితం తీసి ఒక్కొక్కటే చదివాడు. ఒకచోట రెండు, ఒకచోట అయిదు, నవ్వులు, ఎత్తిపొడుపులు. "ఓబర్‌లిండా, సున్నా," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువసేపే కొట్టారు. మా ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి అందరికీ దండం పెట్టారు.

హైమావతి గారు మాతో కారులో వస్తారనుకున్నాను. ఆవిడ బస్సులోనే వెళతానన్నారు. "మీరిద్దరూ వెళ్ళండి," అన్నారు, నా చేతిలో ఖాళీ పులిహోర డబ్బా పెడుతూ.

ఎండ ఇంకా ఉంది. కొండ దిగే దారిలో రెండువైపులా మొక్కజొన్న కోసేసిన పొలాలు. ఆయన రిజిస్టరు ఉన్న సంచీని ఒళ్ళో పెట్టుకున్నారు.

"రేప్పొద్దున ఫోన్ చేసి ఆ టెర్మిన్ కాన్సిల్ చెయ్యి."

నేను గేరు మార్చాను.

"మాటంటే మాట, లతా. సరయుకు గూడ నేనే చెప్త. ఏమంటదో చూడాలె."

పొలం గట్టు పక్కన వెడల్పుగా ఉన్నచోట కారు ఆపాను.

"ఏమైంది? టైరా?"

"ఆ రిజిస్టరు తీయండి."

"ఇప్పుడెందుకు?"

"తీసి చదవండి. ఏమేం వచ్చాయో."

ఆయన నన్ను వింతగా చూసి, కళ్ళజోడు పెట్టుకుని, పేజీ తెరిచారు. ఆయన దస్తూరీ గుండ్రంగా, అచ్చువేసినట్టు ఉంటుంది. "శనివారం. తొమ్మిది పన్నెండు. తొమ్మిది వ్యాగన్లు, బొగ్గు. పది నలభై. ఆరు వ్యాగన్లు, బొగ్గు. పన్నెండు అయిదు. ఎనిమిది, బొగ్గు..." గొంతు నెమ్మదించింది. పేజీ తిప్పారు. ఇంక పైకి చదవలేదు. వేలు మాత్రం ఒక్కొక్క వరసా దిగుతూ పోయింది.

"ఇదేందిది?" అన్నారు. "ఎండకాలంల బొగ్గొచ్చుడు కరెక్టే. సస్తగ ఇస్తరు, జనం ముందుగాల్నే కొని పెట్టుకుంటరు. గానీ పాల వ్యాగన్ ఏది? ఆగస్టు అంటే కోతల టైము. గోడౌనుకు ఒక్క గింజ రాకపోవుడేంది?" కోపంగా ఫోన్ తీశారు. "లోథార్‌కు ఏమన్న దిమాగ్ ఉన్నదా? ఇట్ల రాస్తడా ఎవడన్న?"

"నేనే రాయమన్నాను."

ఫోన్ మీద వేలు ఆగిపోయింది.

"మీరు తప్పు చేయకూడదని. తోటకి వెళ్ళి ఆయన్ని అడిగాను. ఆ ఆపిల్ కాయలు ఆయనిచ్చినవే."

"అందరికీ ఎరికేనా?"

"ఎరికే," అన్నాను. ఆయన మాటే నా నోట్లోంచి వచ్చింది.

"అంటే ఇందాక చప్పట్లు..." అని ఆగిపోయారు. మొహం నల్లబడింది. "నలుగురిల నన్ను నిలబెట్టి ఆటాడిన్రు అందరు గలిసి. నువ్వు గూడ."

ఆయన తలుపు తీసుకుని దిగారు. కోసేసిన మొదళ్ళ మధ్యకి నాలుగడుగులు వేసి, నాకు వీపు పెట్టి నిలబడ్డారు. సీటు మీద రిజిస్టరు తెరిచే ఉంది. వెళ్ళి పక్కన నిలబడాలనిపించింది. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. రోడ్డు మీద రెండు ట్రాక్టర్లు పోయాయి. మూడోది పోయాక ఆయన వచ్చి కూర్చుని, బెల్టు పెట్టుకున్నారు.

"ఎప్పుడు కనిపెడతననుకున్నవ్?"

"మొదటి బండికే."

"కనిపెట్టలే."

"లేదు."

"నా చేతితోనే రాసిన గదా. అన్నీ." రిజిస్టరు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఎంతసేపు ఎదురుచూసినవ్ నువ్వు?"

"హైమావతి గారు అడిగేదాకా."

"రెండు దినాలు నిలబడే ఉన్నవా ఆ కాఫీ బల్ల కాడ?"

తల ఊపాను.

"పాపం, లతా," అన్నారు.

నేను ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఉంచారు కానీ ఊరుకోమనలేదు. కాసేపయ్యాక, "టెర్మిన్ ఎన్ని గంటలకు?" అన్నారు.

"మంగళవారం. పదిన్నరకి."

"ఆఫీసుల చెప్పాలె మరి."

"చెబుదాం."

"పోదాం పా."

కారు తీశాను. కొండ కింద రోడ్లు కలిసేచోట కెమ్నిట్జ్ కుడివైపుకి. ఇరవై ఏళ్ళుగా వచ్చిపోయే దారి. ఆయన చెయ్యి ఎత్తి ఎడమకి చూపించారు. నేను కుడికి తిప్పాను.

ఆయన ఎడమవైపు రోడ్డు వెనక్కి పోయేదాకా చూసి, నావైపు తిరిగారు.

"ఇటేనా?"

"ఇటే," అన్నాను.